హిస్టరీ చదివితే ఏమొస్తుంది?

మా ఇంట్లో ఈ మధ్య ఒక పంచాయతీ జరిగింది. ఆస్తి తగాదా కాదు, అత్తాకోడళ్ళ తగాదా అసలే కాదు. అలాంటివైతే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎవర్ని కూర్చోబెట్టి మాట్లాడాలో మనందరికీ తెలుసు. ఇది కొత్తరకం.

మా తమ్ముడి కొడుకు ఒక ఆదివారం పొద్దున్నే ఒంగోలులో రైలెక్కి చీరాలలో మా ఇంటికొచ్చి దిగాడు. కాఫీ గ్లాసు చేతికిచ్చేలోగానే సంచీలోంచి పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

"అత్తయ్యా, నీ మాటైతే అది వింటుంది. నువ్వు చెప్పాల్సిందే" అన్నాడు.

'అది' అంటే వాడి కూతురు. ఇంటరు రెండో సంవత్సరం, ఎం.పి.సి. మార్కులకి లోటు లేదు. అలాంటి పిల్ల ఉన్నట్టుండి ఇంజనీరింగు చదవనంది. పోనీ ఏం చదువుతావే అంటే, సి.యు.ఇ.టి. అనే ఎంట్రన్సు రాసి, ఢిల్లీ వెళ్ళి, బి.ఏ. హిస్టరీ ఆనర్సు చదువుతానంది. ఆ రోజు వాళ్ళింట్లో పొయ్యి వెలిగేసరికి రాత్రి తొమ్మిదయిందట!

నా దగ్గరికే ఎందుకొచ్చాడంటారా? నేను హిస్టరీ చదివినదాన్ని. ముప్ఫై ఏళ్ళు జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో సోషల్ చెప్పినదాన్ని. హిస్టరీ చదివిన ఆవిడే వద్దంటే ఇంక తిరుగుండదని మావాడి ఎత్తు. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి కదా.

వాడు సొసైటీ బ్యాంకులో పనిచేస్తాడు. లెక్క తప్పడు. ఎడం పేజీలో ఇంజనీరింగు. నాలుగేళ్ళ ఫీజు, హాస్టలు, లాప్‌టాపు, పై ఖర్చులు అన్నీ కలిపి 12 లక్షలు. అడుగున ఎర్ర సిరాతో 'రాబడి: ఉద్యోగం, నెలకి 40 వేలు'. కుడి పేజీలో బి.ఏ. అక్కడ ఫీజు తక్కువేనట. గది, తిండి, ఏడాదికి రెండుసార్లు రానూపోనూ రైలు, చలికాలం బట్టలు, అన్నీ కలిపి 7 లక్షలు. అడుగున 'రాబడి' అని రాసి ఎదురుగా ఒక ప్రశ్నార్థకం. అంతే!

ఆ ప్రశ్నార్థకం చూసి నాకు నవ్వొచ్చింది. మావాడి మొహం చూశాక ఆగిపోయింది. రెండు రాత్రుళ్ళు నిద్రపోని మొహం అది.

చదువుని డబ్బుతో తూస్తారా, సరస్వతీదేవిని త్రాసులో పెడతారా అని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. వినటానికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఆ మాట అనేవాళ్ళలో ఎక్కువమంది నెలనెలా ఒకటో తారీకున పెన్షను పడేవాళ్ళు. నేనూ ఆ జాబితాలో దాన్నే కనక చెబుతున్నాను. పొలం అమ్మిన డబ్బుతో ఫీజు కట్టేవాడు లెక్క వేసుకోకపోతే ఇంకెవరు వేసుకుంటారు? వెయ్యటం తప్పు కాదు. అందులో ఏం రాశారు, ఏం రాయకుండా వదిలేశారు, అది చూడాలి. కిరాణా కొట్టు చిట్టా చూసినట్టు పైనించి కిందిదాకా చూడాలి.

నేను 1974లో బి.ఏ.లో చేరాను. హెచ్.ఇ.పి. అంటే హిస్టరీ, ఎకనామిక్సు, పాలిటిక్సు. ఆ గ్రూపుకి మా స్నేహితురాళ్ళం ఒక ముద్దుపేరు పెట్టుకున్నాం. వెయిటింగ్ రూము! రైలు ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చేదాకా కూర్చోవాలి. రైలంటే పెళ్ళికొడుకని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. మా నాన్న మూడేళ్ళూ ఫీజు కట్టారు. 'హిస్టరీ చదివితే ఏమొస్తుందమ్మా?' అని ఒక్కనాడూ అడగలేదు. ఎంత విశాల హృదయమో అనుకునేరు! ఏమీ రానక్కర్లేదు కనక అడగలేదు. శుభలేఖలో నా పేరు పక్కన బి.ఏ. అని అచ్చు పడితే ఆయన పెట్టుబడికి రాబడి వచ్చినట్టే.

అదే చదువుని ఇప్పుడు నా మనవరాలు ఏరి కోరి చదువుతానంటుంటే ఇంటిల్లిపాదీ 'ఏమొస్తుంది?' అంటున్నారు. ఇష్టం లేకుండా చదివినప్పుడు రాని ప్రశ్న ఇష్టపడేసరికి ఎందుకొచ్చింది చెప్పండి?

పెళ్ళయిన కొన్నేళ్ళకి మావారి ఉద్యోగం ఊగిసలాటలో పడింది. అప్పుడు ట్రంకుపెట్టె అడుగునుంచి నా బి.ఏ. కాగితం బయటికొచ్చింది. బి.ఇడి. చేశాను. సోషల్ టీచరునయ్యాను. పిల్లల చదువులు, ఈ ఇల్లు, ఇప్పటి పెన్షను, అన్నీ ఆ డిగ్రీ పెట్టిన తిండే. ఈ మాటే మావాడితో అన్నాను.

"నీ రోజులు వేరు అత్తయ్యా" అన్నాడు.

ఒప్పుకోవాలి మరి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డి.ఎస్.సి. తరవాత మళ్ళీ డి.ఎస్.సి. పరీక్ష జరిగింది 2025లో. అప్పుడు 16,347 పోస్టులు వేశారు, బాగానే ఉంది. కానీ ఆ మధ్య ఏడేళ్ళూ బి.ఇడి. పట్టా పట్టుకుని కూర్చున్న ఆడపిల్లల సంగతేమిటి? ఏ ఇంట్లో కూర్చోనిస్తారు? నా అదృష్టాన్ని నేను సలహాగా మార్చి ఇంకొకరికి అంటగట్టకూడదు. పెద్దవాళ్ళం చేసే పొరపాట్లలో ఇది మొదటిది.

"పోనీ ఉద్యోగం సంగతి వదిలెయ్. హిస్టరీ నీకు నిజంగా ఎక్కడైనా పనికొచ్చిందా?" అని అడిగాడు.

"మీ తాతయ్య పొలం కాగితం మరిచిపోయావురా?" అన్నాను.

ఆ కాగితంలో 'ఫసలీ 1352' అని ఉంటే మావాడు అది దస్తావేజు నంబరనుకున్నాడు! ఆ నంబరు కోసం రెండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందిరా, ఇది 1942-43 నాటిది, ఆ సంవత్సరం రికార్డు అడుగు అని చెప్పింది నేనే. పొలం అమ్ముడుపోయింది. ఇప్పుడు ఆ లెక్కల పుస్తకంలో ఉన్న డబ్బులో సగం ఆ పొలానిదే. మావాడు కాసేపు మాట్లాడలేదు. అయితే నేను గెలిచానని అనుకోను. ఫసలీ లెక్క చెప్పటానికి బి.ఏ. ఎందుకు? మా ఊరి కరణం గారికి బి.ఏ. ఉందా ఏవిటి!

సరే, మావాడి పుస్తకంలో అసలు లేని పేజీ ఒకటుంది. అది వాడి పెద్ద కొడుకు పేజీ.

ఆ అబ్బాయి బంగారంలాంటి పిల్లాడు. ఇంజనీరింగు చదివాడు. క్యాంపస్ ఇంటర్వ్యూలోనే ఉద్యోగం వచ్చింది. ఏడాది తిరిగి రెండు నెలలు గడిచేసరికి పోయింది. ఇప్పుడు విజయవాడలో కోచింగు సెంటరులో చేరి గ్రూపు 2కి చదువుతున్నాడు. ఆ పరీక్ష మెయిన్సులో మొదటి పేపర్లోనే ఆంధ్రప్రదేశ్ సాంఘిక, సాంస్కృతిక చరిత్ర ఉంటుంది. రాత్రి పదింటికి ఫోను చేస్తాడు. "మామ్మా, శాతవాహన రాజుల వరస గుర్తుండటానికి ఏదైనా చిట్కా చెప్పవా?" అని. నాలుగేళ్ళు కంప్యూటరు చదివిన పిల్లాడు విష్ణుకుండినుల రాజధాని ఏదో బట్టీ పడుతున్నాడు. పన్నెండు లక్షలు పోసి ఇంజనీరింగు చదివాక తిరిగి తిరిగి వచ్చింది హిస్టరీ దగ్గరికే. ఎవరైనా దుబారా అన్నారా? అనలేదు. 'వాడి టైము బాగోలేదు' అన్నారు. అబ్బాయికి జరిగితే టైము. అమ్మాయి విషయంలో మాత్రం జరగకముందే తప్పు నిర్ణయం!

ఈ మాట అన్నందుకు మావాడికి కోపమొచ్చింది. "అంత ఇష్టమైతే ఇంజనీరింగు చదువుకుంటూ హిస్టరీ పుస్తకాలు ఇంట్లో కూర్చుని చదువుకోమను. ఎవడొద్దన్నాడు? దానికి డిగ్రీ ఎందుకు?" అన్నాడు.

ఇది మాత్రం గట్టి మాట. వాడికి తెలీదు గానీ, ఆ వాదానికి నా దగ్గరే మంచి సాక్షులున్నారు. మల్లంపల్లి సోమశేఖర శర్మ గారికి డిగ్రీ లేదు. రెడ్డి రాజ్యాల చరిత్ర మీద ఆయన రాసిన పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. సురవరం ప్రతాపరెడ్డి గారు చదివింది లా, నడిపింది పత్రిక. ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో అదే మొదటిది. ఇక మన భండారు అచ్చమాంబ గారు. పదేళ్ళకే పెళ్ళి. బడి ముఖం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. మన దేశపు స్త్రీల జీవితాలు ఎక్కడెక్కడివో వెతికి, కూర్చి, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చారు. ముప్ఫై ఒకటో ఏడు నిండకుండానే పోయారు.

మరి వీళ్ళకి అక్కర్లేని డిగ్రీ మా పిల్లకెందుకు? ఆ రోజంతా దీని గురించే ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను. అచ్చమాంబ గారు ఇంట్లో కూర్చుని చదువుకోవాలని ఎంచుకోలేదు. ఆవిడకి ఇంకో తలుపు లేదు. ఉంటే ఏం చేసేవారో, ఎంత రాసేవారో మనకి తెలీదు. ఆవిడ పడ్డ ఇబ్బందిని చూపించి, చూశావా, ఆవిడ ఖర్చు లేకుండా చదువుకుంది, నువ్వూ అలాగే చదువుకో అని ఈనాటి పిల్లకి చెప్పటం నాకు న్యాయంగా తోచలేదు. ఆవిడ కష్టాన్ని మనం పొదుపు కింద జమ వేసుకున్నట్టు కదా అది?

మరుసటి వారం నేనే ఒంగోలు వెళ్ళాను. పిల్లతో మాట్లాడకుండా తీర్పు చెప్పటం నాకిష్టం లేదు. కానీ అక్కడ నాకు అసలైన మాట చెప్పింది పిల్ల కాదు, దాని తల్లి. వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తూ తల ఎత్తకుండా చెప్పింది.

"అత్తయ్యగారూ, మీరు హిస్టరీ మంచిదంటారు, కాదనను. నేను బి.కాం. ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఇరవయ్యేళ్ళయింది. మా అమ్మకి చీర కొనాలన్నా ఈయన్ని అడగాలి. ఈయన ఎప్పుడూ కాదనలేదు. అయినా అడగాలి కదండీ? నా కూతురు అడగకూడదు. అది ఏం చదువుతుందో నాకనవసరం. నెల తిరిగేసరికి దాని డబ్బు దాని చేతిలో పడాలి."

నేనేం మాట్లాడను? ముప్ఫై ఏళ్ళు జీతం తీసుకున్నదాన్ని. నాకా బాధ తెలీదు. ఆడపిల్ల చదువు విషయంలో 'ఏమొస్తుంది?' అన్న ప్రశ్న ఎప్పుడూ చిన్నచూపుతోనే అడుగుతారనుకున్నాను. ఆవిడ అడిగిన దాంట్లో చిన్నచూపు లేదు. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉంది. మగవాడికి జీతం తక్కువైతే ఇబ్బంది. ఆడదానికి జీతం లేకపోతే చీరకీ మందుకీ పుట్టింటి ప్రయాణానికీ ఒకరి మొహం చూడాలి. ఇష్టమైన చదువు అని నేను పాడే పాటలో ఈ చరణం లేనే లేదు.

అందుకని పిల్ల దగ్గర కూర్చుని ఏమీ దాచకుండా చెప్పాను. హిస్టరీలో అసలు ఖర్చు డబ్బు కాదమ్మా, ఏళ్ళు అన్నాను. బి.ఏ. మూడేళ్ళో నాలుగేళ్ళో. ఆ పైన ఎం.ఏ. కాలేజీలో పాఠాలు చెప్పాలంటే నెట్టు రాయాలి. పరిశోధన చెయ్యాలంటే జె.ఆర్.ఎఫ్. రావాలి. అది వస్తే 2023 నుంచి నెలకి 37 వేలు. కానీ రాసిన వాళ్ళలో ఎంతమందికి వస్తుంది? పిహెచ్.డి. అయ్యేసరికి ముప్ఫై దగ్గర పడతాయి. అప్పటికీ ఉద్యోగం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వరు. నాకు తెలిసిన ఒకావిడ ఎం.ఏ. హిస్టరీ ఫస్టు క్లాసు. పద్దెనిమిదేళ్ళుగా గెస్టు లెక్చరరు. పీరియడ్ల లెక్కన డబ్బులు. వేసవి సెలవల్లో అవీ లేవు. ఐ.ఏ.ఎస్. రాస్తానంటావా, ఏటా వెయ్యి అటూ ఇటూగా పోస్టులు, అప్లికేషన్లు లక్షల్లో. తవ్వకాలు, శాసనాలు అంటావా, 1861 నుంచీ ఉన్న కేంద్ర పురావస్తు శాఖ ఉంది, మైసూరులో దాని శాసన విభాగం ఉంది, గ్రేటర్ నోయిడాలో వాళ్ళ డిప్లొమా ఉంది. అన్నిటికీ సీట్లు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు.

పిల్ల అంతా విన్నది. "మామ్మా, మోటుపల్లి గుర్తుందా?" అంది.

గుర్తు లేకపోవటమేం! అది పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఎండాకాలం సెలవలకి మా ఇంటికొస్తే నేనే తీసుకెళ్ళాను. చీరాల నుంచి చినగంజాం వైపు వెళితే సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. ఇప్పుడు చిన్న ఊరు. కాకతీయుల కాలంలో ఓడలొచ్చే పెద్ద రేవు. అక్కడ వీరభద్రస్వామి గుడిలో రాతి స్తంభం మీద గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులు, తుఫానుకి ఓడ బద్దలై సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అదంతా స్వాధీనం చేసుకునేవాళ్ళట. గణపతిదేవుడు అది మాన్పించాడు. సముద్రానికి ఎదురొడ్డి వచ్చినవాళ్ళ సొమ్ము వాళ్ళదే, మేం న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అని వర్తకులకి అభయమిచ్చాడు. సుంకం ముప్ఫయ్యింట ఒక వంతు. ఈ పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో! ఆ రోజు దానికీ చెప్పాను.

అంతా విని, అది రాతి మీద వేలు పెట్టి, "ఇందులో ఎక్కడుంది మామ్మా ఆ మాట? చూపించు" అంది.

నేను చూపించలేకపోయాను. పాత తెలుగు లిపి. ఒక్క ముక్క అర్థం కాలేదు. బి.ఏ. హిస్టరీ, ముప్ఫై ఏళ్ళ పాఠాలు, ఆ రాయి ముందు ఎందుకూ కొరగాలేదు. ఎవరో చదివి రాసిన పుస్తకం చదివి, దాన్ని నేను పిల్లలకి చదివి వినిపించాను. అంతే కదా నేను చేసింది?

"చదవగలిగే వాళ్ళు ఉండాలి కదా" అంది పిల్ల ఇప్పుడు. గొంతు పెంచలేదు.

నాకు రుద్రమదేవి గుర్తుకొచ్చింది. ఆ మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ మార్కోపోలో ఆవిణ్ణి రాజుగారి భార్య అని రాశాడు. ఆవిడ గణపతిదేవుడి కూతురు. మేం చదువుకునే రోజుల్లో ఆవిడ 1290లు దాటేదాకా పాలించిందని చదివాం. నేనూ కొన్నేళ్ళు పిల్లలకి అదే చెప్పాను. తరవాత నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం వెలుగులోకి వచ్చింది. 1289 నవంబరు నాటికే ఆవిడ లేదని ఆ రాయి చెప్పింది. సేనాని మల్లికార్జున నాయకుడు కూడా ఆవిడతోపాటే పోయినట్టుంది కనక, కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే పోయి ఉంటుందని చరిత్రకారులు అనుకుంటున్నారు. అంతకుముందు మా ఊహలో ఆవిడ మంచం మీద పోయిన ముసలి మహారాణి. ఒక పల్లెటూరి రాయిని చదవగలిగినవాళ్ళు ఉండబట్టి ఆవిడ చావు ఆవిడకి దక్కింది. దీనికి నెలకి ఎంతొస్తుందో మావాడి పుస్తకంలో ఏ పేజీలో రాయాలి?

కానీ ఇలా అనుకుంటూనే చిక్కుడుకాయల గిన్నె కళ్ళముందుకొస్తోంది. రుద్రమ చావు సంగతి తేల్చటానికి నా మనవరాలు వాళ్ళమ్మలాగా ఒకరి ముందు చెయ్యి చాచాలా?

అదే అడిగేశాను. పిల్ల తన పుస్తకం తీసింది (లెక్కలు రాసే జబ్బు వాళ్ళ నాన్నదే). ఎం.ఏ.కి సీటు రాకపోతే బి.ఇడి. అని రాసుకుంది. ఇరవైనాలుగో ఏడు వచ్చేసరికి ఏదో ఒక స్కూల్లో అయినా సరే జీతానికి చేరాలని రాసుకుంది. అడుగున ఒక వాక్యం ఉంది. 'నాన్న పుస్తకంలో ఇంజనీరింగు పక్కన కూడా ప్రశ్నార్థకం పెట్టాలి.'

"అదొక్కటే అడుగుతున్నాను మామ్మా. అన్నయ్యని చూశాక కూడా నాన్న అక్కడ 40 వేలు అని ఎర్ర సిరాతో ఎలా రాశాడు?"

ఆ సాయంత్రం అందరం కూర్చున్నాం. ఖర్చు పెట్టేవాడికి అడిగే హక్కుందని నేను పిల్లకి చెప్పాను. ఎంతవరకు ఉంది అన్న దగ్గరే నాకూ మావాడికీ తేడా వచ్చింది. నేను కట్టాను కనక ఓడ నాది, అందులో సరుకూ నాదే అంటే ఒప్పుకోనన్నాను. "ముప్ఫయ్యోవంతు సుంకం తీసుకోరా, చాలు" అన్నాను. వాడికి అర్థం కాలేదు. పిల్ల పకపకా నవ్వింది. వాళ్ళమ్మ మాత్రం నవ్వలేదు. ఆ ఇరవైనాలుగేళ్ళ మాట ఇంకోసారి చెప్పమని, కాగితం మీద రాసి సంతకం పెట్టమంది. పిల్ల పెట్టింది. దాన్ని మడిచి బియ్యం డబ్బా వెనకాల దాచుకుంది.

మావాడు ఏమీ తేల్చలేదు. ఎడం పేజీ తిప్పి, 40 వేలు ఎదురుగా చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు. అది కూడా పెన్సిలుతో.

నిన్న రాత్రి ఫోను చేశాడు. హాస్టల్లో సీటు దొరక్కపోతే ఢిల్లీలో ఆడపిల్లలుండే గదులకి అద్దె ఎంతుంటుందో, మా మరిది కూతురు అక్కడే ఉంటుంది కదా, ఓసారి కనుక్కోమన్నాడు. కనుక్కుంటున్నాను.